నమూనా నెగ్గినా సరుకు ఎందుకు ఆగుతుంది? రక్షణ కొనుగోళ్లలో పరీక్షల తీరు

క్లుప్తంగా: రక్షణ శాఖకు సరుకు అమ్మే పరిశ్రమ దాటవలసింది ఒక్క పరీక్ష కాదు, వేర్వేరు ప్రశ్నలు వేసే పరీక్షల వరుస. టెండరు నమూనా "ఈ సరుకు చేయడం వచ్చా" అని అడుగుతుంది. లాటు తనిఖీ (ఒకేసారి పరీక్షకు పెట్టే సరుకు మొత్తాన్ని లాటు అంటారు) "అదే సరుకు వేలసార్లు ఒకేలా చేయడం వచ్చా" అని అడుగుతుంది. ముడిసరుకు గుణం కాలాన్ని బట్టి మారిపోయే గోదావరి డెల్టాలో ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పడమే కష్టం.

ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్ 2016లో మొదలయ్యాక అమలాపురం, అంబాజీపేట, భీమవరం పరిసరాల్లోని చిన్న పరిశ్రమలకు కూడా రక్షణ సంస్థల టెండర్లు ఫోనులోనే కనిపిస్తున్నాయి. టెండరు చూడడం తేలికైంది గానీ, అందులో నాణ్యత షరతులున్న పేజీలు తేలికపడలేదు. నమూనాను ఆమోదించి, తీరా సరుకు సిద్ధమయ్యాక తిరగ్గొట్టారన్న ఫిర్యాదు ఈ రంగంలో పాతదే. ఆ ఫిర్యాదు వెనుక చాలావరకు ఉన్నది వరుసగా వచ్చే పరీక్షలన్నిటినీ ఒకే పరీక్షగా లెక్కవేసుకోవడం.

డెల్టాకు పరీక్షలు కొత్త కావు

ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ఏమవుతుందో సార్వా పంట కోసిన ప్రతి రైతుకూ తెలుసు. మిల్లరుకు నూక శాతం, రంగు మారిన గింజల శాతం కంఠోపాఠం. రొయ్యల సంగతి ఇంకా కఠినం. యాంటీబయాటిక్ అవశేషాల భయంతో యూరోపియన్ యూనియన్ 2016లో మన దేశం నుంచి వచ్చే సాగు రొయ్యల సరుకుల్లో నమూనా తీసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. చెరువు పట్టుబడికి ముందే అవశేషాల పరీక్ష చేయించడం అప్పటికే డెల్టాలో వ్యాపారంలో భాగమైపోయింది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ఇందుకోసం భీమవరంలో ప్రయోగశాల నడుపుతోంది.

అయితే ఈ పరీక్షలకూ రక్షణ శాఖ పరీక్షలకూ రెండు మౌలికమైన తేడాలున్నాయి. మొదటిది, ధాన్యానికీ రొయ్యకూ పరీక్ష పంట చేతికొచ్చాకో, వచ్చే ముందో జరుగుతుంది. ఉన్న సరుకు బాగుందా లేదా అన్నదే అక్కడి ప్రశ్న. రక్షణ కొనుగోళ్లలో పరీక్ష తయారీకి ముందు మొదలై, తయారీ నడుస్తుండగా సాగి, సరుకు డిపోకు చేరాక ముగుస్తుంది. రెండో తేడా డబ్బుకు సంబంధించినది, అసలు బరువు ఇందులోనే ఉంది. ఒక కొనుగోలుదారు వద్దన్న బియ్యానికి ఇంకో బజారు దొరుకుతుంది, ధర తగ్గినా. సైన్యం ఇచ్చిన కొలతలకు, సైన్యం చెప్పిన రంగులో, సైన్యం గుర్తుతో చేసిన పరుపుకు బయట బజారు లేదు. తిరస్కరణ అంటే ధర కోత కాక పెట్టుబడి మొత్తం గోదాములో ఉండిపోవడం.

ఒక్కో మెట్టు, ఒక్కో ప్రశ్న

సైన్యం వాడే సరుకులో పెద్ద భాగానికి నాణ్యత తేల్చేది రక్షణ ఉత్పత్తి విభాగం కింద పనిచేసే నాణ్యతా హామీ డైరెక్టరేట్ జనరల్. వాడుకలో అందరూ డీజీక్యూఏ అంటారు. ఒక్కో సరుకుకు సంబంధించిన నక్షాలు, ప్రమాణ పత్రాలు, సీలు వేసిన మాదిరి వస్తువు ఒక నిర్దిష్ట కార్యాలయం దగ్గర భద్రంగా ఉంటాయి. వివాదం వచ్చినప్పుడు ఆఖరి మాట ఆ కాగితాలదే, ఆ మాదిరిదే. టెండరులో రాసిన రెండు వాక్యాల వర్ణన చదివి ధర కోట్ చేసేవారు ఈ సంగతి గమనించాలి: వర్ణన చివర ఉండే ప్రమాణ పత్రం సంఖ్య, దాని సవరణ సంఖ్య కూడా ఒప్పందంలో భాగమే. పాత సవరణ చూసి తయారుచేసిన సరుకు ఎంత బాగున్నా పరీక్షలో నిలబడదు.

మెట్ల వరుస సాధారణంగా ఇలా ఉంటుంది. టెండరుతోపాటు నమూనా అడిగితే అది పోటీదారులను వడపోయడానికి. ఆర్డరు వచ్చాక, భారీ తయారీకి ముందు, పైలట్ నమూనా లేదా ముందస్తు నమూనా ఇవ్వాలి. దాన్ని ప్రయోగశాలలో పరీక్షించి ఆమోదించాకే భారీ ఉత్పత్తికి అనుమతి వస్తుంది. తర్వాత సరుకును లాట్లుగా తనిఖీకి పెట్టాలి. నెగ్గిన లాటుకు తనిఖీ అధికారి ఐ-నోట్ అనే ధ్రువపత్రం ఇస్తారు, దానితోనే సరుకు కదులుతుంది. డిపోలో దిగాక సంఖ్య, దెబ్బతిన్న పెట్టెలు, కొన్ని ఒప్పందాల్లో మళ్లీ నాణ్యత కూడా చూస్తారు. ఫిరంగులు, రాడార్ల వంటి పెద్ద సామగ్రికి దారి వేరు. అక్కడ విక్రేత తన ఖర్చుతోనే పరికరాన్ని క్షేత్ర పరీక్షలకు తెచ్చుకోవాలి, కొంటామన్న హామీ మాత్రం ప్రభుత్వం ఇవ్వదు. డెల్టా చిన్న పరిశ్రమలకు ఆ దారితో పని తక్కువ కాబట్టి ఇక్కడ దాన్ని వదిలేయవచ్చు.

125లో నాలుగు

లాటు తనిఖీలో ప్రతి వస్తువునూ చూడరు. ఎన్ని తీయాలో, వాటిలో ఎన్ని లోపాల వరకు ఒప్పుకోవాలో చెప్పే పట్టికలు భారతీయ ప్రమాణం ఐఎస్ 2500లో ఉన్నాయి. అంతర్జాతీయంగా వాడే పట్టికలూ అవే. ఒక ఊహాజనిత ఉదాహరణ: కోనసీమలోని ఒక యూనిట్‌కు 3,000 రబ్బరైజ్డ్ కాయిర్ (రబ్బరు పాలు పట్టించిన కొబ్బరి పీచు) పరుపుల ఆర్డరు వచ్చింది, ఆమోద నాణ్యతా పరిమితి, అంటే సగటున ఒప్పుకోదగిన లోపాల శాతం, 1.0గా రాశారు. మామూలుగా వాడే సాధారణ తనిఖీ రెండో స్థాయి కింద 1,201 నుంచి 3,200 వరకు ఉన్న లాటుకు తీయవలసిన నమూనా 125. అందులో లోపమున్నవి మూడు వరకు దొరికితే లాటు నెగ్గినట్టు. నాలుగోది దొరికితే లాటు మొత్తం, అంటే 3,000 పరుపులూ ఆగినట్టు.

పరిమితి 1.0 అంటే నూటికి ఒక లోపం వరకు ఫరవాలేదు, రెండో మూడో అయితే కొద్దిగా ఇబ్బంది అన్న అర్థం తీస్తే ప్రమాదం. నిజంగా నూటికి ఒకటి చొప్పున లోపాలున్న తయారీదారు ఈ తనిఖీలో నెగ్గే అవకాశం దాదాపు 96 శాతం. లోపాలు నూటికి మూడైతే అవకాశం 48 శాతానికి పడిపోతుంది, ఇంచుమించు బొమ్మా బొరుసా అన్నట్టే. నూటికి ఐదైతే మిగిలేది 12 శాతం. అదే ఐదు శాతం లోపాలున్న తయారీదారు ఏ ఏరివేతా లేకుండా మూడు పరుపులను పైలట్ నమూనాగా పంపితే, మూడూ నిర్దోషంగా ఉండే అవకాశం 86 శాతం. ఆచరణలో ఏరకుండా పంపేవారెవరూ ఉండరు గనుక అది నూరుకు ఇంకా దగ్గరవుతుంది.

పైలట్‌లో 86, లాటులో 12. నమూనా నెగ్గి సరుకు ఆగడానికి సగం జవాబు ఈ రెండు అంకెల్లోనే ఉంది. ఇందులో తనిఖీ అధికారి మనసు మారిందన్న అనుమానానికి అవసరమే లేదు. అదే చేయి, అదే యంత్రం, అదే లోపాల శాతం. అడిగిన ప్రశ్న మారింది.

సరుకును మూడు వేర్వేరు లాట్లుగా, వెయ్యేసి చొప్పున పెడితే ఒక్కో లాటుకు 80 తీస్తారు, రెండు లోపాల వరకు ఒప్పుకుంటారు. మొత్తం మీద తీసే నమూనాలు 240కి పెరుగుతాయి, కానీ ఒక లాటు పోయినా మిగతా రెండు నిలబడవచ్చు. పెట్టుబడి తక్కువున్న యూనిట్‌కు ఇది ఆలోచించదగిన దారే. వరుసగా ఐదు లేదా అంతకంటే తక్కువ లాట్లలో రెండు తిరస్కరణకు గురైతే మాత్రం పట్టికలు కఠిన తనిఖీకి మారతాయి. అదే 80 నమూనాలో ఒప్పుకునే లోపాల సంఖ్య ఒకటికి తగ్గుతుంది. తిరిగి సాధారణ తనిఖీకి రావాలంటే వరుసగా ఐదు లాట్లు నెగ్గాలి. ఆగిన లాటును మళ్లీ పెట్టే వీలుంది, కాకపోతే మొత్తం సరుకును ఒక్కొక్కటిగా చూసి లోపమున్నవి తీసేశాకే.

కోసి, చించి, కాల్చి చూసే పరీక్షలకు ఈ పెద్ద సంఖ్యలు వర్తించవు. వాటికి ప్రత్యేక స్థాయిల కింద తక్కువ నమూనాలు తీస్తారు. ప్రాణాపాయానికి దారితీసే లోపాలకైతే ఒప్పుకునే సంఖ్య సున్నా.

డొక్క తడి, ఎండ, పీచు బరువు

మిగతా సగం జవాబు ముడిసరుకులో ఉంది. కర్మాగారంలో కొన్న ఇనుప రేకు వేసవిలోనూ వానాకాలంలోనూ ఒకటే. కొబ్బరి డొక్క అలా కాదు. ఎండు డొక్క, పచ్చి డొక్క, నానబెట్టిన డొక్క యంత్రంలో వేస్తే వచ్చే పీచు పొడవు, రంగు, పొట్టు శాతం మూడు రకాలుగా ఉంటాయి. పీచును కళ్లాల్లో ఎండలోనే ఆరబెడతారు కాబట్టి ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో తుపాను ముసురు పట్టిన వారం తేమ దిగదు. పీచును బరువు తూచి పరుపులో నింపే చోట తేమ కూడా పీచు కిందే తూగుతుంది. నెల తరువాత ప్రయోగశాలలో పరుపును ఆరబెట్టి తూస్తే సాంద్రత తక్కువని తేలుతుంది. పరుపును నొక్కి వదిలితే ఎంతవరకు తిరిగి లేస్తుందో చూసే పరీక్ష కూడా పీచు పొడవు మీదా, రబ్బరు పాలు ఎంత సమంగా పట్టాయన్న దాని మీదా ఆధారపడుతుంది.

నమూనా ఏప్రిల్‌లో చేసి, భారీ తయారీ అక్టోబరులో చేస్తే రెండూ ఒకే సరుకు కావు. యజమానికి మాత్రం ఒకే సరుకనిపిస్తుంది, ఎందుకంటే డొక్కలు ఇచ్చిన తోటలు అవే, పనివాళ్లు వారే. రక్షణ ప్రమాణాలు రాసేవారి దృష్టిలో కొలవని తేమ అంటే అదుపులో లేని తేమ. యూనిట్‌లో తేమ కొలిచే చిన్న పరికరం, రోజువారీ రికార్డు పుస్తకం ఉన్నాయా అని సామర్థ్య పరిశీలనకు వచ్చిన బృందం అడగడానికి కారణం ఇదే. దాన్ని కాగితాల కోసం వేధింపుగా చూసేవారున్నారు. కొన్ని చోట్ల కాగితం కోసమే కాగితం అడిగిన సందర్భాలూ ఉండవచ్చు. తేమ పుస్తకం మాత్రం ఆ కోవలోకి రాదు.

ప్రయోగశాల కాగితం చెప్పేది, చెప్పనిది

ప్రయోగశాల నివేదికల అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: ఈ ఫలితాలు పరీక్షకు ఇచ్చిన నమూనాకు మాత్రమే వర్తిస్తాయి. ఎవరు తెచ్చిన నమూనా, ఎవరు సీలు వేశారు అన్నది అందుకే అంత ముఖ్యం. తయారీదారు స్వయంగా తీసుకెళ్లి చేయించిన పరీక్షకు, అధికారి లాటులోంచి తీసి సీలు వేసిన నమూనా మీద చేసిన పరీక్షకు విలువ ఒకటి కాదు.

ఎన్‌ఏబీఎల్ గుర్తింపు (ప్రయోగశాలల సామర్థ్యాన్ని ధ్రువీకరించే జాతీయ సంస్థ ఇచ్చేది) విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. ఐఎస్ఓ 17025 ప్రమాణం కింద ప్రయోగశాలకు వచ్చే ఆ గుర్తింపు ఒక్కో పరీక్షకు, ఒక్కో పద్ధతికి విడిగా వస్తుంది. ఒక ప్రయోగశాలకు నీటి పరీక్షలో గుర్తింపు ఉన్నంత మాత్రాన రబ్బరు కాఠిన్యం పరీక్షలో ఉన్నట్టు కాదు. గుర్తింపు పరిధి పత్రంలో ఆ పరీక్ష పేరు, ఆ పద్ధతి సంఖ్య ఉన్నాయో లేదో చూడకుండా ఫీజు కట్టినవారికి నివేదిక చేతికొస్తుంది గానీ టెండరులో చెల్లదు.

లోహపు భాగాలు, ఎలక్ట్రానిక్ పరికరాలు సరఫరా చేసేవారికి వాతావరణ పరీక్షలు తోడవుతాయి. సైనిక ఎలక్ట్రానిక్ పరికరాలకు మన దేశంలో వాడే ఉమ్మడి ప్రమాణం జేఎస్ఎస్ 55555లో తేమతో కూడిన వేడి, బూజు, కుదుపు, ప్రకంపన, ఎత్తు ప్రదేశాల తక్కువ పీడనం వంటి పరీక్షలున్నాయి. ఉప్పు పొగమంచు పరీక్షను సాధారణంగా 35 డిగ్రీల వేడిలో, 5 శాతం ఉప్పు ద్రావణం చిమ్ముతూ చేస్తారు. అంతర్వేదిలోనో ఓడలరేవులోనో రేకు కప్పు వేసుకున్నవారికి ఈ పరీక్ష కొంత వింతగా తోచవచ్చు. సముద్రపు గాలి ఏటా ఉచితంగా చేసే పని ఇది. కానీ ఆ గాలి ఒక రోజు వీచినట్టు మరో రోజు వీచదు. ఇద్దరు తయారీదారుల బోల్టులను పోల్చాలంటే ఇద్దరికీ ఒకే ఉప్పు, ఒకే వేడి, ఒకే గంటలు కావాలి.

ఇటువంటి పరీక్షలకు డెల్టా నుంచి విశాఖపట్నమో, హైదరాబాదో, బెంగళూరో వెళ్లవలసి వస్తుంది. ఈ కొరత తీర్చడానికి కేంద్రం 2020లో రక్షణ పరీక్షా సదుపాయాల పథకాన్ని 400 కోట్ల రూపాయలతో ప్రకటించింది. కేంద్రం 75 శాతం వరకు గ్రాంటు ఇస్తుంది, మిగతాది పరిశ్రమలు, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి పెట్టుకోవాలి. పథకం దృష్టి ప్రధానంగా ఉత్తరప్రదేశ్, తమిళనాడు రక్షణ కారిడార్ల మీద ఉంది. డెల్టా పరిశ్రమకు దీనివల్ల దూరం తగ్గదు, వరుసలో నిరీక్షణ మాత్రం కొంత తగ్గవచ్చు.

తిండి సరుకులకు గడియారం వేరు

బియ్యం, గుడ్లు, పప్పులు, నూనెల వంటి వాటిలో కొలిచేది సరుకు గుణం ఒక్కటే కాదు, సరుకు ఆయుష్షు కూడా. సైనిక సరఫరా గొలుసులో డిపో నుంచి సరిహద్దు శిబిరానికి నెలలు పట్టవచ్చు. కొన్ని చోట్ల శీతకాలానికి సరిపడా ముందే చేరవేసి నిల్వ ఉంచాలి. అందుకే సరుకు అందేనాటికి నిల్వ గడువులో ఎంత భాగం మిగిలి ఉండాలో ఒప్పందంలోనే రాస్తారు. మిల్లులో ఒక నెల ఆగిన సరుకు బాగానే ఉన్నా ఆ షరతు దగ్గర ఓడిపోవచ్చు. సైన్యానికి రేషన్ల సరఫరా మీద కాగ్ 2010లో ఇచ్చిన నివేదిక నిల్వ గడువుల పొడిగింపును ప్రశ్నించింది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 పౌర బజారుకు పెట్టిన ప్రమాణాలు ఎలాగూ వర్తిస్తాయి. సైనిక ప్రమాణం వాటికి పైన ఉంటుందే తప్ప వాటి బదులు కాదు.

పరీక్ష, గడువు, డబ్బు

చిన్న పరిశ్రమలకు ప్రభుత్వ కొనుగోళ్లలో రాయితీలున్నాయి. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి 25 శాతం కొనాలన్న లక్ష్యం, ధరావతు మినహాయింపు, పూర్వానుభవం విషయంలో సడలింపు అందులోవి. ఈ చివరి సడలింపుకు తోకలాంటి షరతు ఒకటి ఉంది: నాణ్యత, సాంకేతిక ప్రమాణాలు నెరవేరితేనే. అంటే రాయితీ గుమ్మం వరకే తీసుకెళ్తుంది. పరీక్ష బల్ల దగ్గర పెద్ద కంపెనీకి, కోనసీమ కుటీర పరిశ్రమకు ఒకటే పట్టిక.

గడువు దగ్గర ఎక్కువ నష్టం జరుగుతుంది. సరఫరా గడువు ఆర్డరు తేదీ నుంచి లెక్కా, భారీ ఉత్పత్తి అనుమతి తేదీ నుంచి లెక్కా అన్నది ఒప్పందాన్ని బట్టి మారుతుంది. మొదటి పద్ధతిలో ప్రయోగశాలలో నమూనా ఉన్న రోజులు కూడా సరఫరాదారు ఖాతాలోనే పడతాయి. ఒక తిరస్కరణ, ఒక మరమ్మతు, ఒక పునఃపరీక్ష కలిస్తే ఆలస్య జరిమానా గీత దాటడం కష్టమేమీ కాదు. 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త రక్షణ కొనుగోళ్ల మాన్యువల్ ఈ భారాన్ని కొంత తగ్గించింది. అభివృద్ధి దశలో ఆలస్య జరిమానా ఉండదు. నమూనా యంత్రం సిద్ధమయ్యాక 0.1 శాతం మాత్రమే; మొత్తం జరిమానా 5 శాతం మించకూడదు, విపరీతమైన జాప్యమైతేనే 10 శాతం. అయితే మొదటి రెండు సడలింపులు కొత్తగా అభివృద్ధి చేసే సామగ్రికి. ఎప్పటినుంచో కొంటున్న పరుపుకో, తాడుకో అవి పెద్దగా అందవు.

చెల్లింపు వైపు సరఫరాదారుకు ఉన్న రక్షణ 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం. సరుకు అందిన 15 రోజుల్లో కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు చట్టం భావిస్తుంది. అక్కడి నుంచి చెల్లింపు గడువు, ఒప్పందంలో ఏం రాసుకున్నా, 45 రోజులు మించరాదు. మించితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున నెలనెలా చక్రవడ్డీ. 15 రోజుల లోపు అభ్యంతరం వచ్చిందంటే మాత్రం ఆ అభ్యంతరం తీరిన రోజే అంగీకార దినం. డిపోలో జరిగే చివరి తనిఖీ చిన్నదిగా కనిపించినా, చెల్లింపు గడియారం అక్కడే మొదలవుతుంది లేదా అక్కడే ఆగుతుంది.

ఇతర చోట్ల ఎలా ఉంది, ఇక్కడ ఏం మారవచ్చు

అమెరికా రక్షణ కొనుగోళ్లలో మన పైలట్ నమూనాకు దగ్గరగా తొలి వస్తువు పరీక్ష అనే ఏర్పాటు ఉంది. అంతకుముందు అదే వస్తువును తృప్తికరంగా సరఫరా చేసినవారికి దాన్ని మినహాయించే వీలు అక్కడ స్పష్టంగా రాసి ఉంటుంది. ఆమోదం రాకముందే ముడిసరుకు కొని తయారీ మొదలుపెడితే ఆ నష్టభారం తయారీదారుదే అన్న మాటా అంతే స్పష్టం. ముందే పరీక్షలు నెగ్గిన ఉత్పత్తుల జాబితా వేరుగా నడుస్తుంది. జాబితాలో చేరడానికి ఆర్డరు కోసం ఆగనక్కరలేదు. మన దగ్గర కూడా మంచి చరిత్ర ఉన్న సరఫరాదారులకు స్వీయ ధ్రువీకరణ, బయటి సంస్థలతో తనిఖీ వంటి మార్పులు ఇటీవలి సంవత్సరాల్లో వచ్చాయి. 2024లో డీజీక్యూఏను పునర్వ్యవస్థీకరించారు.

ఈ మార్పుల ప్రయోజనం ముందుగా అందేది పాత సరఫరాదారులకు. స్వీయ ధ్రువీకరణకు అర్హత గతంలో నెగ్గిన లాట్ల రికార్డు. తొలి ఆర్డరు తీసుకున్న యూనిట్‌కు ఆ రికార్డు ఉండదు. డెల్టాలో కొత్తగా దిగేవారికి మరికొన్నేళ్లు పాత మెట్లే దారి. వారికి ఖర్చు తగ్గించే పని పైలట్ నమూనా రోజునే మొదలవుతుంది. నమూనాతోపాటు అదే డొక్కతో, అదే రోజు చేసిన మరో రెండు పరుపులను తేమ కొలత, పీచు బరువు రాసి యూనిట్‌లో దాచుకుంటే, అక్టోబరులో తయారైన ప్రతి వందో పరుపును వాటి పక్కన పెట్టి తూచి, నొక్కి చూసుకోవచ్చు. తేడా వస్తే తనిఖీ అధికారి కంటే ముందే యజమానికి తెలుస్తుంది, అప్పటికి పాడైనవి 3,000 కాక వందే అయి ఉంటాయి.